మిస్టర్ సెల్ఫ్‌రిడ్జ్: ఎంత నిజం, ఎంత కల్పన, లెక్క ఎక్కడ తప్పింది

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మిస్టర్ సెల్ఫ్‌రిడ్జ్ మొదటి సీజన్ చూశాను. మాకు బట్టల షాపు ఉంది. నాన్నగారికి రెండు ఎపిసోడ్లు చూపిస్తే, 'కొనని వాళ్ళని ఊరికే లోపల తిప్పితే షాపు ఎన్నాళ్ళు నిలుస్తుంది, అదంతా సినిమా' అన్నారు. ఇందులో ఎంత నిజం? మిగతా మూడు సీజన్లూ చూడొచ్చా? చూస్తే ఏం గమనించాలి?"

మీ నాన్నగారి మాట సగం కరెక్ట్. జనాన్ని ఊరికే లోపలికి రానివ్వడం సీరియల్ వాళ్ళు కల్పించింది కాదు. హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్ 1909లో లండన్‌లో నిజంగా చేసిన పనే. దానివల్ల షాపు మునగలేదు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అదే చోట, అదే పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. మునిగింది యజమాని. ఎందుకు మునిగాడో చెప్పేటప్పుడు మాత్రం సీరియల్ పేకాట వైపు, డ్యాన్సర్ల వైపు వేలు చూపిస్తుంది. అసలు కారణం ఖాతా పుస్తకాల్లో ఉంది. అడిగింది వ్యాపారం చేసే ఇంటివాళ్ళు కాబట్టి ఈ జవాబులో బరువంతా అటే వేస్తున్నాను.

ముందు మామూలు వివరాలు. ఇది బ్రిటన్‌లో ఐటీవీ చానల్ సీరియల్. 2013 జనవరి 6న మొదలై 2016 మార్చి 11న ముగిసింది. సీజన్‌కి 10 చొప్పున 4 సీజన్లు, మొత్తం 40 ఎపిసోడ్లు. రూపకర్త ఆండ్రూ డేవిస్, ఆధారం లిండీ వుడ్‌హెడ్ రాసిన జీవిత చరిత్ర. హ్యారీ వేషం అమెరికన్ నటుడు జెరమీ పివెన్‌ది. మొదటి సీజన్ స్టోర్ తెరిచే రోజుల కథ. రెండోది 1914, మూడోది 1919, నాలుగోది 1928. సీజన్‌కీ సీజన్‌కీ మధ్య ఏళ్ళకేళ్ళు ఎగిరిపోతాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకోకపోతే మూడో సీజన్ మొదటి పది నిమిషాలూ ఎవరు ఎవరో అర్థం కాదు. ఇదే సమయంలో బీబీసీలో 'ది ప్యారడైజ్' అని ఇంకో డిపార్ట్‌మెంట్ స్టోర్ సీరియల్ వచ్చింది. అది ఫ్రెంచి నవల ఆధారంగా తీసినది, అందులో యజమాని కల్పిత పాత్ర. రెండింటినీ కలిపేసుకుని "ఇది నిజం కథ కాదట" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక ఎవరు నిజం, ఎవరు కాదు. హ్యారీ, భార్య రోజ్, తల్లి లోయిస్, పిల్లలు రోజలీ, వయొలెట్, గోర్డన్, బియాట్రిస్ నిజమైన మనుషులు. మొదటి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయాడు. రోజలీ పెళ్ళాడిన సెర్జ్ ద బొలొటాఫ్ నిజం, అతని తల్లి రాకుమారి హోదా కూడా నిజంగానే ప్రచారంలో ఉన్నదే. డాలీ సిస్టర్స్ అనే హంగరీ కవల డ్యాన్సర్లు నిజం. షాపుకొచ్చిన విమాన వీరుడు బ్లేరియో, నర్తకి పావ్లోవా సరే సరి. స్టోర్ సిబ్బంది మాత్రం దాదాపు అందరూ కల్పితమే: ఆగ్నెస్ టౌలర్, మిస్ మార్డిల్, మిస్టర్ గ్రోవ్, అకౌంటెంట్ మిస్టర్ క్రాబ్, షోకేసులు అలంకరించే ఆంరి లెక్లేర్. లేడీ మే లాక్స్‌లీ, ఆమె భర్త కల్పితం. ఎలెన్ లవ్ అనే నటి కూడా కల్పితమే. ఆ పాత్ర వెనక ఫ్రెంచి డ్యాన్సర్ గాబీ డెలీస్ నీడ ఉందనిపిస్తుంది, హ్యారీకి ఆవిడతో నిజంగానే సంబంధం ఉండేది. మూడో సీజన్‌లో సైనికులకు ఇళ్ళు కట్టిస్తానని వచ్చే నాన్సీ వెబ్‌ని కూడా చరిత్రలో వెతక్కండి.

కల్పితం అన్నాను కదా అని ఆ పాత్రల్ని తీసిపారేయొద్దు. షాపు ఎలా నడిచేదో మనకి చూపించేది వాళ్ళే. కుటుంబం కథ ఎక్కువగా డ్రాయింగ్ రూముల్లో తిరుగుతుంది.

డబ్బు లెక్క ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే డైలాగుల్లో సగం గాలికి పోతాయి. పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. గినీ అంటే 21 షిల్లింగులు, ఖరీదైన దుకాణాలు ధర గినీల్లో చెప్పేవి. అప్పట్లో మన రూపాయి మారకం 1 షిల్లింగు 4 పెన్నీలు, అంటే పౌనుకి 15 రూపాయలు. సెల్ఫ్‌రిడ్జ్ స్టోర్‌కి పెట్టిన పెట్టుబడి 4 లక్షల పౌన్లని చెబుతారు. ఆనాటి మన లెక్కలో 60 లక్షల రూపాయలు. తెర మీద ఎవరైనా పౌన్లు అన్నప్పుడల్లా 15తో హెచ్చవేసుకుని మన తాతముత్తాతల రోజుల్ని ఊహించుకుంటే ఆ మొత్తాల బరువు తెలుస్తుంది.

ఆ డబ్బు ఎలా వచ్చిందో సీరియల్ కాస్త మార్చింది. హ్యారీ 1858 జనవరి 11న అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం రిపన్‌లో పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధానికి వెళ్ళి, యుద్ధం ముగిసినా ఇంటికి తిరిగి రాలేదు. తల్లే పెంచింది. 1879లో షికాగోలో మార్షల్ ఫీల్డ్ కంపెనీ హోల్‌సేల్ విభాగంలో చిన్న ఉద్యోగంలో చేరి, పాతికేళ్ళలో రిటైల్ అంతటికీ పెద్దయ్యాడు. 1904లో బయటికొచ్చి సొంతంగా ఒక స్టోర్ కొన్నాడు, కొన్ని నెలల్లోనే అమ్మేశాడు. 1906లో లండన్ వచ్చి, ఫర్నిచర్ వ్యాపారి శామ్యూల్ వారింగ్‌తో పొత్తు పెట్టుకున్నాడు. వారింగ్ మధ్యలో తప్పుకున్నాడు. సీరియల్‌లో ఈ చిక్కు లేడీ మే పలుకుబడితో విడిపోతుంది. నిజంలో ఆదుకున్నది జాన్ మస్కర్ అనే టీ వ్యాపారి. పరికిణీ కుచ్చిళ్ళ గలగలకి బదులు టీ పొడి డబ్బు అంటే కథకి రుచి తక్కువనుకున్నారేమో.

భవనం గురించి సీరియల్ దాదాపు ఏమీ చెప్పదు. నా దృష్టిలో అది పెద్ద లోటు, ఎందుకంటే హ్యారీ ఆలోచన మొత్తం ఉక్కు చట్రం మీద నిలబడింది. పాత లండన్ దుకాణాలు ఇళ్ళని ఒకదానికొకటి కలిపి పెంచినవి. మధ్యలో గోడలు, ఇరుకు గదులు, చిన్న కిటికీలు. పెద్ద హాలు కావాలంటే బరువు గోడలు కాక స్తంభాలు మోయాలి. షికాగో ఆర్కిటెక్ట్ డేనియల్ బర్నమ్ నమూనా, స్వెన్ బైలాండర్ ఇంజనీరింగ్‌తో ఉక్కు చట్రం లేపారు. లండన్ నిబంధనలు మాత్రం చట్రం ఉన్నా సరే బయటి గోడ మందంగానే ఉండాలనేవి, అగ్ని భయంతో హాలు ఇంత ఘనపరిమాణానికి మించకూడదనేవి. ఈ పట్టుదలల మీద జరిగిన పోరాటమే 1909లో లండన్‌లో ఉక్కు చట్రాల చట్టం రావడానికి ఒక కారణం. కాబట్టి తెర మీద కనిపించే ఆ విశాలమైన హాలు, పెద్ద అద్దాల కిటికీలు అలంకారం కోసం కాదు. కస్టమర్ గుమ్మంలో నిలబడగానే నాలుగు విభాగాలు ఒకేసారి కంటపడాలి. గోడ అడ్డుంటే నడక ఆగుతుంది, నడక ఆగితే అమ్మకం ఆగుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్నకి వద్దాం.

మొదటి ఎపిసోడ్‌లో గ్లవ్స్ సీన్ మళ్ళీ చూడండి. గ్యామేజెస్ అనే నిజమైన పాత దుకాణంలో హ్యారీ గ్లవ్స్ అన్నీ బయటపెట్టి చూపించమంటాడు, ఆగ్నెస్ చూపిస్తుంది, ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. దీని వెనక హ్యారీ గురించి ఎప్పటినుంచో చెప్పుకునే కథ ఉంది: లండన్ దుకాణంలో "ఏం కావాలి?" అంటే "ఊరికే చూస్తున్నాను" అన్నాడట, "అయితే దయచేయండి" అని గుమ్మం చూపించారట. ఆ పని చేసే ఉద్యోగికి అక్కడ షాప్‌వాకర్ అని పేరు. మనకీ కొత్తవాడేం కాదు. గుమ్మంలోనే "రండమ్మా, చీరలా, డ్రెస్సులా, ఎంతలో చూపించమంటారు" అని అడిగి, ఒక సేల్స్‌మన్‌కి అప్పగించి, ఆ సేల్స్‌మన్ పరుపు మీద చీర మీద చీర విప్పి పరిచే పద్ధతి ఉంది చూశారూ, అది ఆనాటి లండన్ పద్ధతికి దగ్గరి చుట్టమే. సరుకు బీరువాలో, తాళం అమ్మేవాడి దగ్గర.

హ్యారీ దీన్ని తిరగేశాడు. సరుకు బల్లల మీదకి వచ్చింది, ముట్టుకోవచ్చు, ఎవరూ వెంటపడరు. దీనితోపాటు చదువుకునే గది, మాట్లాడకుండా కూర్చునే 'సైలెన్స్ రూమ్', ప్రథమ చికిత్స గది, సమాచారం చెప్పే బల్ల, ఫ్రెంచివాళ్ళకీ జర్మన్లకీ అమెరికన్లకీ వలస దేశాల నుంచి వచ్చినవాళ్ళకీ వేరువేరు విశ్రాంతి గదులు పెట్టాడు. ఆడవాళ్ళు మగతోడు లేకుండా ఊళ్ళోకి వచ్చి గంటల తరబడి గడపడానికి మర్యాదైన చోటు, ముఖ్యంగా మర్యాదైన టాయిలెట్, దొరకడమే కష్టంగా ఉన్న రోజులవి. మనిషి లోపల మూడు గంటలు ఉంటే గ్లవ్స్ కోసం వచ్చినావిడ టీ తాగుతుంది, రిబ్బను కొంటుంది, పిల్లవాడి బొమ్మ చూసి ఆగుతుంది.

"మరి ఖర్చో?" అంటారు నాన్నగారు. న్యాయమైన ప్రశ్న. ఊరికే తిరగనిచ్చే షాపు లాభం వేసుకునే శాతం మీద బతకదు, సరుకు ఎంత వేగంగా తిరుగుతుందన్న దాని మీద బతుకుతుంది. లెక్క కోసం ఊహించుకోండి: 100 రూపాయల సరుకు మీద 30 వేసుకుని ఏడాదికి రెండుసార్లు తిప్పితే 60 మిగులుతుంది. 20 మాత్రమే వేసుకుని నాలుగుసార్లు తిప్పితే 80. అదే పెట్టుబడి, తక్కువ ధర, ఎక్కువ మిగులు. అయితే ఈ లెక్క పనిచేయాలంటే మూడు అమరాలి. జనం విపరీతంగా రావాలి. తిరగని సరుకు బల్ల మీద నిలవ ఉండకూడదు, దాన్ని తగ్గింపు ధరకి తోసేసే చోటు వేరుగా ఉండాలి. మార్షల్ ఫీల్డ్‌లో నేర్చుకున్న 'బార్గెయిన్ బేస్‌మెంట్' హ్యారీకి అందుకే పనికొచ్చింది. మూడోది, ముట్టుకోవడం వల్ల నలిగేదీ మాసేదీ దొంగతనం అయ్యేదీ ముందే ఖర్చులో రాసుకోవాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నాన్నగారు చెప్పినట్టే అవుతుంది. సరుకు బల్లల మీద పరిచి, పాత సరుకునీ దాని మధ్యే కలిపి ఉంచి, జనం రావడం లేదని ఏడ్చిన అనుకరణ దుకాణాలకి లోటు లేదు.

పెర్ఫ్యూమ్ కౌంటర్ కూడా ఈ లెక్కలోదే. గ్రౌండ్ ఫ్లోర్‌లో గుమ్మానికి దగ్గరగా సెంట్లు, సౌందర్య సామగ్రి పెట్టడం ప్రపంచమంతా హ్యారీని చూసి నేర్చుకున్న పని. బయట గుర్రపు బగ్గీల రోడ్డు వాసన, లోపల గులాబీ వాసన అని అందంగా చెబుతుంటారు. వ్యాపారం ఇంకా సూటిగా ఉంటుంది: అది చిన్న జాగా తీసుకునే సరుకు, లాభం శాతం ఎక్కువ, కొలత సైజుల బాధ లేదు, ఇలా వచ్చి అలా వెళ్ళేవాళ్ళు కూడా కొంటారు. కోటు కొనాలంటే తొడిగి చూడాలి, తీరిక కావాలి. కాబట్టి కోటు పై అంతస్తుకి, అత్తరు గుమ్మానికి. మీ షాపులో గుమ్మం పక్కనే బరువైన పట్టుచీరలు ఉంటే ఒకసారి ఆలోచించండి.

షోకేసుల విషయంలో సీరియల్ బాగా పనిచేసింది. మొదటి సీజన్‌లో లెక్లేర్ బృందం ఒక్కో కిటికీని నాటకం సెట్టులా కట్టడం చూడండి. అప్పటిదాకా అక్కడి పద్ధతి ఏమిటంటే, షాపులో ఉన్నదంతా కిటికీలో వేలాడదీసి ఒక్కోదానికీ ధర చీటీ కట్టడం. కొత్త పద్ధతిలో ఒక కిటికీకి ఒకే కథ, ఒకే రంగు వరస, చుట్టూ ఖాళీ. రాత్రి షాపు మూసినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, దారిన పోయేవాడు రేపటి కస్టమర్ అవుతాడు. నిజ జీవితంలో ఈ పని చేసినవాడు ఎడ్వర్డ్ గోల్డ్స్‌మన్, షికాగో నుంచి హ్యారీ వెంట వచ్చినవాడే. ఫ్రెంచివాడు కాదు, సూటు వేసుకున్న అందగాడూ కాకపోవచ్చు.

తెరిచిన రోజు 1909 మార్చి 15. దానికి వారాల ముందు నుంచీ చిత్రకారులు గీసిన ప్రకటనలతో పేపర్లు నింపేశాడు. అవి 'ఇది కొనండి' అనే ప్రకటనలు కావు, 'రండి, చూడండి' అనే పిలుపులు. పోటీ దుకాణం హ్యారడ్స్ ఊరుకోలేదు. తన అరవయ్యో వార్షికోత్సవాన్ని సరిగ్గా ఆ వారంలోనే సంగీత కచేరీలతో జరుపుకుంది. ఇంత చక్కటి ఘట్టం తెర మీద సరిగా వాడుకోలేదు.

జూలైలో బ్లేరియో వచ్చాడు. 25వ తేదీ ఆదివారం ఫ్రాన్స్ నుంచి ఇంగ్లీష్ చానల్ దాటి డోవర్ దగ్గర దిగాడు. మర్నాటికల్లా ఆ విమానం సెల్ఫ్‌రిడ్జ్ షాపులో ఉంది. నాలుగు రోజుల్లో లక్షన్నర మంది చూశారని లెక్క. సీరియల్‌లో ఇది హ్యారీ హడావిడిలా కనిపిస్తుంది. గమనించాల్సింది వేరే: ప్రవేశ రుసుము లేదు, విమానం దాకా వెళ్ళాలంటే షాపు గుండా నడవాలి. విమానం అమ్మకానికి కాదు, దాని చుట్టూ ఉన్నదంతా అమ్మకానికే. 1925లో జాన్ లోగీ బేర్డ్ తన టెలివిజన్‌ని మొట్టమొదట జనానికి చూపించింది కూడా ఈ షాపులోనే. 1919 నుంచి 1928కి ఒక్క గెంతు గెంతడంతో సీరియల్ ఆ ఏడాదిని దాటేసింది. టీవీ సీరియల్ టీవీ పుట్టుకని వదిలేయడం తమాషాగా లేదూ.

"కస్టమర్ చెప్పిందే రైటు" అన్న మాట హ్యారీదేనా అని చాలామంది అడుగుతారు. ఆయన పేరు మీదా, ఆయన గురువు మార్షల్ ఫీల్డ్ పేరు మీదా, ఫిలడెల్ఫియా వ్యాపారి వానమేకర్ పేరు మీదా తిరుగుతోంది. మన బ్యాంకుల గోడల మీద కస్టమర్ గురించి గాంధీగారు అన్నట్టు వేలాడే బోర్డు లాంటి వ్యవహారమే. ఒక్కరికి కట్టబెట్టలేం.

రెండో సీజన్‌లో యుద్ధం. మగ సిబ్బంది సైన్యంలోకి పోవడం, సరుకు దించే చోట ఆడవాళ్ళు పనికి దిగడం చరిత్రకి దగ్గరగా ఉన్నాయి. లాక్స్‌లీ నాసిరకం తోలుతో సైనికుల బూట్ల కాంట్రాక్టు నడిపే కథ కల్పితం. బాగా కట్టిన కల్పితమే కానీ దానికి సగం సీజన్ ఇవ్వాల్సింది కాదు. నిజంలో ఆ ఏళ్ళలో రోజ్ పాత్ర ఎక్కువ. 1916లో దక్షిణ తీరాన హైక్లిఫ్ కోట అద్దెకి తీసుకున్నారు, అమెరికన్ సైనికులు కోలుకునే శిబిరాన్ని ఆవిడే చూసుకుంది. 1918 మేలో, ఫ్లూ మహమ్మారి రోజుల్లో న్యుమోనియాతో పోయింది. సీరియల్ మూడో సీజన్‌లో కూతురు రోజలీ పెళ్ళిని 1919లో పెడుతుంది. నిజంలో ఆ పెళ్ళి 1918 ఆగస్టులో, తల్లి పోయిన మూడు నెలలకే జరిగింది. ఆ మూడు నెలల దూరం ఉంచి ఉంటే పెళ్ళి పందిరిలో హ్యారీ నవ్వుకి అర్థమే మారిపోయేది.

మూడో సీజన్ ఉన్నవాటిలో బలహీనం. అందులో ఒక్క ఆంరి కథ, యుద్ధం నుంచి వచ్చిన మనిషి షాపు వెలుతురుని తట్టుకోలేకపోవడం, నిలబడి చూడదగ్గది. జూదం క్లబ్బుల సీన్లు ముందుకి జరుపుకున్నా నష్టం లేదు.

ఇక నాలుగో సీజన్, అసలు తకరారు. ఇందులో హ్యారీ డాలీ సిస్టర్స్ మోజులో డబ్బు తగలేసి, జిమ్మీ డిల్లన్ అనే సాహసికి దగ్గరై, పోటీ స్టోర్ వైట్‌లీస్‌ని కొని, చివరికి తన స్టోరే పోగొట్టుకుని బయటికి నడుస్తాడు. అంతా 1928 చుట్టుపక్కల అయిపోతుంది. నిజంలో అది పదేళ్ళకి పైగా సాగింది. 1926లో తన పేరుతో ఒక ట్రస్టు కంపెనీ పెట్టి జనం దగ్గర డబ్బు లేవనెత్తాడు, ఇంగ్లండ్ ఊళ్ళలో స్టోర్లు వరసగా కొన్నాడు. ఆ వ్యవహారంలో చెయ్యి వేసిన ఫైనాన్షియర్ జిమ్మీ వైట్ 1927 జూన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. జిమ్మీ డిల్లన్ పేరు అక్కడి నుంచే వచ్చిందని నా అంచనా. అదే 1927లో వైట్‌లీస్‌ని కోటి పౌన్లకి కొన్నాడు.

తప్పు ఆ కొనుగోలు షరతుల్లో ఉంది. వైట్‌లీస్ వాటాదారులకి ఏళ్ళ తరబడి డివిడెండ్ ఇస్తానని హామీ ఇచ్చాడు. అంటే లాభం వచ్చినా రాకపోయినా చెల్లించాల్సిన మొత్తం. డివిడెండ్ అనేది మిగిలితే పంచుకునేది. దానికి హామీ ఇచ్చిన రోజే అది వడ్డీ లాంటి అప్పు అయిపోయింది. రెండేళ్ళలో 1929 షేర్ మార్కెట్ పతనం వచ్చింది, గిరాకీ పడిపోయింది, హామీ మాత్రం పడిపోలేదు. బాగా నడుస్తున్న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపు సంపాదన, నడవని షాపు వాటాదారుల జేబులోకి పోవడం మొదలైంది.

రెండో తప్పు చిన్న షాపుల్లోనూ రోజూ జరిగేదే: గల్లా పెట్టె, ఇంటి జేబు ఒకటే అనుకోవడం. లాన్స్‌డౌన్ హౌస్ లాంటి మహలు అద్దె, డాలీ సిస్టర్స్ జూదం, కట్టని కోట కోసం హెంగిస్ట్‌బరీ హెడ్ అనే కొండకొమ్ము కొనడం, అన్నీ కంపెనీ ఖాతాలోంచి ముందే తీసుకున్న డబ్బుతో సాగాయి. షాపు తనొక్కడిదే అయితే అది దుబారా. వాటాదారులున్న కంపెనీలో అది బాకీ. 1940 నాటికి ఆదాయపు పన్ను బకాయే రెండున్నర లక్షల పౌన్లు. 1939, 1941ల మధ్య బోర్డు ఆయన్ని మెల్లగా, మర్యాదగా బయటికి పంపింది. ఇస్తానన్న పింఛను కూడా తర్వాత కోసేసింది. 1947 మే 8న, 89వ ఏట, లండన్ శివారు పట్నీలో అద్దె ఇంట్లో పోయాడు. హైక్లిఫ్‌లో భార్య, తల్లి పక్కనే సమాధి.

కాబట్టి డాలీ సిస్టర్స్ ఖర్చు నిజమే గానీ అది చిల్లు, పడవ మునిగింది వేరే బరువుతో. సీరియల్ చిల్లుని చూపించి బరువుని దాచింది. షరతులున్న కాగితం మీద సంతకం పెట్టే సీన్ కంటే రూలెట్ చక్రం తిరిగే సీన్ తీయడం తేలికే మరి.

1927 గురించి ఇంకో ముచ్చట. 1917లో హ్యారడ్స్ అధిపతితో హ్యారీ ఒక పందెం కట్టాడు, కొన్నేళ్ళలో అమ్మకాల్లో మిమ్మల్ని దాటేస్తానని. దాటలేకపోయాడు. పందెం బాకీగా హ్యారడ్స్ భవనానికి వెండి నమూనా చేయించి 1927లో అప్పగించాడు. వైట్‌లీస్‌ని కొన్న ఏడాదే ఇది. పోటీలో గెలవలేనివాడు కొనుగోలుతో పెద్దవాడు కావాలనుకున్నాడని నాకనిపిస్తుంది. ఈ వెండి బొమ్మ ఒక్కటి చాలు, మంచి సీజన్ రాయడానికి.

గోర్డన్ ప్రేమకథ విషయం కూడా చెప్పేస్తాను. సీరియల్‌లో గ్రేస్ అనే షాపు అమ్మాయిని పెళ్ళాడి కుటుంబంలో కలుపుకుంటాడు. నిజంలో ఆయన ప్రేమించింది స్టోర్ బొమ్మల విభాగంలో పనిచేసే అమ్మాయిని, పిల్లలు పుట్టాక కూడా హ్యారీ ఆ సంబంధాన్ని ఒప్పుకోలేదు. "నా షాపులో అమ్మాయిలు గౌరవనీయులు" అని చెప్పే యజమాని కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. రచయితలు ఇక్కడ హీరోని కాపాడారు.

తెర మీద కనిపించే భవనం అసలుది కాదు. లోపలి హాలు లండన్ నీస్డెన్‌లో ఒకప్పటి కార్పెట్ గోడౌన్‌లో వేసిన సెట్టు, వీధి వైపు ముఖభాగం కెంట్‌లోని ఛాతమ్ డాక్‌యార్డ్‌లో కట్టారు. లండన్‌లో మన బంధువులు ఎవరైనా అసలుది చూపిస్తానంటే, మధ్యలోని పెద్ద గుమ్మం దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి. అది 1920లలో పెంచినప్పటిది. 1909లో తెరిచింది తూర్పు చివర, డ్యూక్ స్ట్రీట్ మూల వైపు ఉన్న భాగం. గుమ్మం మీద గడియారంతో ఉన్న 'కాలపు రాణి' విగ్రహం 1931ది, సీరియల్ కాలం మొత్తానికీ తర్వాతది.

ఏం చూడాలి, ఏం వదలాలి అంటే: మొదటి సీజన్ పూర్తిగా, రెండోది సగం, మూడోది ఆంరి కోసం, నాలుగోది పైన చెప్పిన లెక్క మనసులో పెట్టుకుని చూడండి. పివెన్ నటన మొదటి రెండు ఎపిసోడ్లలో కాస్త అతిగా, పళ్ళు ఇకిలించినట్టు అనిపిస్తుంది. నిజమైన హ్యారీ మృదువుగా మాట్లాడే, మర్యాద తప్పని మనిషి.

నాన్నగారితో మళ్ళీ కూర్చుని చూసేటప్పుడు హ్యారీని కాక మిస్టర్ క్రాబ్‌ని చూడమనండి. ఖర్చు మాట వచ్చిన ప్రతిసారీ కెమెరా ఒక్క క్షణం ఆ అకౌంటెంట్ మొహం మీదకి వెళ్తుంది. ఆ పాత్ర వేసిన రాన్ కుక్ ఆ కళ్ళద్దాల వెనక నుంచి ఏం చేస్తాడో గమనిస్తే, ఏ ఎపిసోడ్‌లో ఎంత డబ్బు పోతోందో డైలాగు లేకుండానే తెలిసిపోతుంది.